ఖర్జూరమూ కాను, పుట్టిల్లూ ఇది కాదు

మురుగమల్ల దర్గా దారి పక్కన చింతమానును నేను. అమ్మాజాన్, బావాజాన్ దర్శనానికి వచ్చినవాళ్ళు నా నీడలో సద్దిమూటలు విప్పుతారు. ఉర్దూ మాట్లాడేవాళ్ళకు నేను ఇమ్లీని, కన్నడం వాళ్ళకు హుణసె మరను, ఊరివాళ్ళకు చింతను. మూడింటికీ పలుకుతాను. బడిపిల్లలు చదివే 'టామరిండ్' మాత్రం చెట్టు కింద పుట్టిన పేరు కాదు, అంగట్లో పుట్టినది.

ఎండాకాలం మొదలయ్యాక మగవాళ్ళు కొమ్మలెక్కి గడలతో నన్ను దులుపుతారు. ఆడవాళ్ళు కాయలేరి, పెంకు కొట్టి, గింజా ఈనే తీసి పండును ముద్ద కడతారు. ఓడలకెక్కేది ఆ ముద్దే. నల్లగా, జిగటగా ఉన్న ఆ సరుకు అరబ్బులకు తమ ఎండు ఖర్జూరం లాగే కనబడింది. ఎండు ఖర్జూరాన్ని వాళ్ళు 'తమ్ర్' అంటారు. నన్ను 'తమ్ర్ హిందీ' అన్నారు, అంటే హిందూదేశపు ఖర్జూరం. నిజానికి ఖర్జూరం తాటికి చుట్టం, నేను కందికీ శనగకూ చుట్టాన్ని.

అరబ్బీ వైద్యంతో పాటు సుఖవిరేచనపు మందుగా యూరపు చేరాను. లాటిన్‌లో 'టామరిండస్' అయ్యాను, 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి దిగాను.

ఆ పేరు తోకలోని 'ఇండ్' మన సింధు నదే. పారశీకుల నోట సకారం హకారమై 'హిందు' అయింది, అరబ్బుల దగ్గర 'హింద్' అయింది. గ్రీకుల నోట ఆ హకారం కూడా రాలిపోయి 'ఇండియా' వచ్చింది. 1753లో లినేయస్ నాకు 'టామరిండస్ ఇండికా' అని శాస్త్రీయనామం పెట్టాడు. రెండే మాటల పేరులో సింధు రెండుసార్లు పారింది. తీరా చూస్తే నా పూర్వీకుల పుట్టిల్లు ఆఫ్రికా!

అందుకే పోలికను నమ్మి పేరుకు మూలం తేల్చకండి. పక్కనున్న చింతామణి ఊరి పేరు వినగానే నాదే అనిపిస్తుంది. అది చింతామణిరావు అనే మరాఠా నాయకుడి పేరు మీద వచ్చిందని చెబుతారు.

మాట ఎక్కడ పుట్టిందో వెతికేటప్పుడు సరుకు ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు అని కూడా అడగండి. 'టామరిండ్'లో చెట్టు జాతీ తప్పే, పుట్టిన దేశమూ తప్పే. నేను అరబ్బుల చేతుల మీదుగా ఈ దేశం నుంచి పడమటికి వెళ్ళానన్న సంగతి మాత్రం అందులో అక్షరాలా నిజం.