నాలుగు కిలోమీటర్లకు నూటైదు గుర్రాలు

మా ఇల్లు అంబత్తూరు ఓటీ దగ్గర. ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ కాదు, ఓల్డ్ టెర్మినస్. సాయంత్రం ఆరింటి ట్రాఫిక్ చూస్తే మాత్రం మొదటిదే నిజమనిపిస్తుంది. ఆఫీసు ఇండస్ట్రియల్ ఎస్టేటులో. మధ్యన సీటీహెచ్ రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు. ఆ నాలుగు కిలోమీటర్లకు నేను రోజూ నూటైదు గుర్రాలు పూన్చి బయల్దేరతాను.

ఈ గుర్రాల కథ 2013 నాటిది. ఆ ఏడు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ రెండు రకాలుగా వచ్చింది, టర్బో పెట్రోలు ఒకటి, డీజిల్ ఒకటి. రెండింటికీ 105 గుర్రాల శక్తే. లాగే బలంలోనే తేడా. పెట్రోలుది 175 న్యూటన్ మీటర్లు, డీజిలుది 250. కాగితం మీద మైలేజీ పెట్రోలుకు 17.2, డీజిలుకు ఇరవైకి అటూ ఇటూ. కొన్నేళ్ళ తర్వాత నేను సెకండ్ హ్యాండులో పెట్రోలుది కొన్నాను. నెల్లూరులో ఉండే మా బావమరిది డీజిలుది కొన్నాడు. అప్పటిదాకా మా రెండు కుటుంబాల మధ్య ఉన్నది ఒక్క పొలం గట్టు తగాదా. దాని స్థానంలో లీటరు తగాదా వచ్చింది.

ఈ ఊళ్ళో మైలేజీ తప్పించుకునే విషయం కాదు. 1964లో పెట్టిన ఎస్టేటు ఇది, చుట్టూ బండి భాగాలు చేసే షెడ్లే. టీ కొట్టు దగ్గర పక్కన నిలబడ్డవాడు పిస్టన్ రింగుల మనిషో, బ్రేకు గొట్టాల మనిషో అయి ఉంటాడు. బంకు కుర్రాడైతే పైపు పెట్టే ముందే అడుగుతాడు: "ఎవ్వళవు కుడుక్కుదు సార్?" ఎంత ఇస్తోంది అని.

"పదిహేడు" అంటాను గంభీరంగా. పక్క సీట్లో మా ఆవిడ దగ్గుతుంది.

నిజం ఎనిమిదిన్నర. కారును అనడానికి లేదు, దానికి ఏ పాపమూ తెలియదు. ఆ 17.2 ఇచ్చిన పరీక్ష ఇరవై నిమిషాలపాటు రోలర్ల మీద జరుగుతుంది. వేగం తొంభై దాటదు, ఏసీ వెయ్యరు. ఆ రోలర్ల మీద షేర్ ఆటో అడ్డం తిరగదు, మన్నూర్‌పేటలో బస్సు నడిరోడ్డు మీద జనాన్ని దించదు. మే నెల అంబత్తూరులో ఏసీ లేకుండా నేను కూడా పదిహేడు తెప్పిస్తానేమో గానీ, ఆఫీసుకు చేరేది కారు ఒక్కటే.

"ఏంది బావా, ఎనిమిదిన్నరా! నాది నెల్లూరు ట్రంకు రోడ్డు మీద కూడా పదమూడు ఇస్తాంది" అని మావాడి ఎత్తిపొడుపు. వాడి బండి వారసత్వపు ఆస్తి కిందే లెక్క. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక పోలోలో డీజిలే ఆగిపోయింది, 2022లో మన దేశంలో పోలోయే ఆగిపోయింది.

చివరికి పందెం వేసుకున్నాం. అంబత్తూరు నుంచి నెల్లూరు, దాదాపు 170 కిలోమీటర్లు. ఓడినవాడు చేపల పులుసు పెట్టించాలి. తెల్లారి అయిదింటికి ఒకే బంకులో రెండు బళ్ళూ ఫుల్ ట్యాంకు. ఆటోకట్ పడ్డాక మావాడు దిగి, తన కారును రెండు చేతులా పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు, మానికలో బియ్యం కుదించినట్టు. గుటుక్కుమని గాలి బుడగ లేచింది, ఇంకో ముప్పాతిక లీటరు పట్టింది. నా కారును మాత్రం తలుపు వేసినంత సుతారంగా కదిపాడు. అది గమనించి నేనే వెళ్ళి ఊపాను. బంకు కుర్రాడు మా ఇద్దరినీ చూసి మైలేజీ అడగడం మానేశాడు.

బైపాస్ ఎక్కి, పుళల్ దాటి, ఎనభై మీద కాలు బిగించి వెళ్ళాం. లారీలు మమ్మల్ని దాటుకుంటూ హారన్ కొట్టాయి. సూళ్ళూరుపేట దగ్గర ఒక మోటార్ సైకిలాయన పక్కకొచ్చి, బండి చెడిందా అని అడిగాడు. నెల్లూరులో మళ్ళీ అలాగే ఊపి నింపాం. నాది 9.3 లీటర్లు తాగింది, అంటే పద్దెనిమిది పైన. వాడిది 7.4, అంటే ఇరవై మూడు.

"తడ దాటితే పెట్రోలు ధర ఎక్కువని తెలిసీ, వచ్చి నెల్లూరులో నింపుకున్న శాస్త్రవేత్తలు మీరిద్దరే" అంది మా ఆవిడ.

ఓడిపోయినందుకు కారణాలు వెతికాను. దొరికాయి. పెట్రోలు ఆవుపాలైతే డీజిల్ గేదెపాలు. చిక్కన, బరువు, లీటరుకు పదోవంతు పైగా శక్తి ఎక్కువ. ఇప్పుడు ఆవుపాలలో ఇరవై శాతం ఇథనాల్ కూడా కలుస్తోంది, దాని శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే. పాలవాడు ఇలా చేస్తే వీధిలో నిలదీస్తాం. ఇంకోటి, పెట్రోలు ఇంజను నెమ్మదిగా పోతున్నప్పుడు సగం మూసిన తలుపులోంచి గాలి పీలుస్తుంది, ముక్కు మూసుకుని నడిచినట్టు. డీజిలుకు ఆ బాధ లేదు. గుండెనిండా పీల్చి, పనికి తగ్గ చుక్కే వేసుకుంటుంది.

అసలు పరాభవం తిరుగు ప్రయాణంలో జరిగింది. మావాడు నన్ను చెన్నైలో దిగబెట్టాలని కాదు, పందెం రెండో భాగం అని తన బండిలో వెంట బయల్దేరాడు. నాయుడుపేట దగ్గర నన్ను దాటి, అద్దంలోంచి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి చూశాక నా కుడికాలు నా మాట వినలేదు. ఎంత వేగమో రాయను, పోలీసులూ పత్రికలు చదువుతారు. అంబత్తూరులో నింపితే నాది 14.5 లీటర్లు, అంటే పన్నెండు కూడా లేదు. వాడిది సరిగ్గా పది లీటర్లు, అంటే పదిహేడు. గట్టిగా తొక్కితే ఇద్దరికీ మైలేజీ పడింది గానీ, నాది నేలకే పడింది. టర్బో పెట్రోలును అలా తొక్కితే లోపల వేడి పెరుగుతుంది, దాన్ని చల్లార్చడానికి కంప్యూటరు అవసరానికి మించి పెట్రోలు చల్లుతుంది. నూరు రూపాయల పైచిలుకు లీటరుతో కల్లాపి చల్లానన్నమాట.

మా ఆవిడ ఆ రాత్రి కాలెండరు వెనక లెక్క వేసింది. రోజుకు ఎనిమిది కిలోమీటర్లు, నెలకు ఇరవై అయిదు రోజులు, మొత్తం రెండు వందలు. నాకు పెట్రోలు ఇరవై మూడున్నర లీటర్లు. అదే డీజిలైతే పదిహేనున్నర. మిగిలేది నెలకు దాదాపు వెయ్యి రూపాయలు. ఆ వెయ్యికి ఇద్దరు పెద్దమనుషులు కార్లు ఊపారా అని అడిగి, దశాబ్దాలపాటు హెర్క్యులీస్ సైకిళ్ళు చేసిన ఊరు ఇదేనని కూడా గుర్తు చేసింది.

నేను జవాబు చెప్పలేదు. వచ్చే శనివారం మళ్ళీ పందెం, ఈసారి ఏసీ ఆపేసి. మా ఆవిడ మాత్రం సెంట్రల్ నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో టిక్కెట్టు తీసుకుంది.