ఖరగ్‌పూర్ ఇంటర్నుగారి వేసవి

సమాచార నిర్వహణలో స్నాతకోత్తర విద్య అభ్యసిస్తూ, మొదటి ఏడాది పరీక్షలు ముగిసిన నాటి నుంచి రెండో ఏడాది తరగతులు మొదలయ్యే నాటి వరకు ఎవరిదో ఒక సంస్థ లెక్కాపత్రాలను సర్దిపెట్టే బాధ్యత నెత్తిన వేసుకుని, ఆ రెండు నెలల పనిని తరువాత ఇరవై ఏళ్లపాటు చెప్పుకోగలిగిన వ్యక్తిని ఇంటర్న్ అంటారు. చదువుకున్నవాడి పేరుకు గౌరవం తగిలించకపోతే తెలుగువారికి తోచదు కనుక ఇక్కడ అతడు ఇంటర్నుగారు. ఈ జాతిలో అమ్మాయిలు కూడా గణనీయంగా ఉన్నారు. అయితే వారు అప్పగించిన పనిని గడువుకు ముందే ముగించి ఊరుకోవడం వల్ల హాస్యరచనకు బొత్తిగా ఉపకరించరు.

ఖరగ్‌పూర్‌లో ఈ జాతి వర్ధిల్లడానికి చారిత్రక కారణాలున్నాయి. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పులకు ఇద్దరు రాజకీయ ఖైదీలు బలైన హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలోనే 1951లో దేశంలోని మొదటి ఐఐటీ ప్రారంభమైంది. ఆ ప్రాంగణంలోనే 1993లో వినోద్ గుప్తా పేరిట మేనేజ్‌మెంట్ స్కూలు వెలిసింది. 2015లో కలకత్తా ఐఐఎం, భారతీయ గణాంక సంస్థలతో కలిసి బిజినెస్ అనలిటిక్స్, అంటే వ్యాపారపు అంకెలను పిండి వాటినుంచి నిర్ణయాలు తీసే విద్యలో, ఉమ్మడి డిప్లొమా కూడా మొదలైంది. ఇది పట్టణానికి ఒక కొస. రెండో కొసన నిమ్‌పురా, మథురాకాటి వంటి రైల్వే పేటల్లో, వి.వి.గిరి కార్మిక నాయకుడిగా ఉన్న పాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి బతుకుతెరువు కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. కోస్తా జిల్లాల నుంచి ఐఐటీలో చేరిన ప్రతి కుర్రవాడికీ ఈ పేటల్లో ఒక మావయ్య తప్పనిసరిగా ఉంటాడు. లేకపోతే చేరిన నెల రోజుల్లోగా ఎవరో ఒకరు వరస కలిపి ఆ లోటు తీరుస్తారు.

వేసవి రాగానే ఈ విద్యార్థులు చెదిరిపోతారు. బెంగళూరు, ముంబై, హైదరాబాదు వెళ్లేవారి గురించి రాయవలసినది తక్కువ, ఎందుకంటే మెడలో గుర్తింపు కార్డు, కంపెనీ ఖర్చుతో మధ్యాహ్న భోజనం, అద్దెగదిలో నలుగురి కాపురం అన్నవి ఏ నగరంలోనైనా ఒకటే. ఎంటెక్ విద్యార్థులకు అసలు వేసవి అనేదే లేదు. నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం పుచ్చుకుంటున్న నేరానికి, గైడు ఊళ్లో ఉన్నంతకాలం వారు ప్రయోగశాలలోనూ, గైడు ఊరు వెళితే నిద్రలోనూ ఉంటారు. శాస్త్రీయ పరిశీలనకు నిజంగా అర్హుడైనవాడు మూడోవాడు, అనగా రిమోట్ ఇంటర్న్: కంపెనీ గురుగ్రామ్‌లోనూ, తాను సగం ఖాళీ అయిన హాస్టల్లోనూ ఉండి, మధ్యనున్న దూరాన్ని లాప్‌టాప్‌తో పూడ్చేవాడు. ఇతడికి రోజూ ఉదయం పదింటికి ఒక వీడియో సమావేశం ఉంటుంది. అందులో నిన్న ఏం చేశాడో, ఇవాళ ఏం చేస్తాడో, పనికి అడ్డేమిటో చెప్పాలి. మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే కావడం, మూడోదానికి జవాబు తానే కావడం వల్ల సమావేశం త్వరగా ముగుస్తుంది. సాయంత్రం సమావేశాన్ని మాత్రం కాలబైశాఖి, అంటే వైశాఖపు సాయంకాలాల్లో ఉరుములతో విరుచుకుపడే గాలివాన, అప్పుడప్పుడు కరెంటుతో సహా ఎత్తుకుపోతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుల్లో కూడా ఇంటర్నుగారి గదిలో కాలబైశాఖి వీస్తుందని సాటివారు చెబుతారు.

ఇతడి పని పేరు డేటా క్లీనింగ్. ఒకే సమాచారం పదిమంది చేతుల్లో పదిరకాలుగా నమోదైనప్పుడు, తప్పులు తీసి, రెండుసార్లు వచ్చినవాటిని ఒకటి చేసి, ఖాళీలను పూరించే ఈ ప్రక్రియ నిజానికి ఆ విద్యలో అన్నిటికంటే అవసరమైనది, అన్నిటికంటే గౌరవం లేనిది. సంవత్సరమంతా కృత్రిమ మేధ గురించి తరగతులు విన్న ఇంటర్నుగారికి మే నెల మొదటి వారంలో ఒక కంపెనీ ఖాతాదారుల జాబితా వస్తుంది. అందులో వెంకటేశ్వరరావు ఒకచోట వేంకటేశ్వరరావు, మరొకచోట వెంకటేశ్వర్రావు, ఇంకొకచోట వి. రావు, ఉత్తరాది గుమస్తా నమోదు చేసినచోట ఇంటిపేరును అసలు పేరనుకుని రాసినందువల్ల కేవలం 'శ్రీ గుడివాడ'. ఆ గుడివాడ ఊరి గడిలో పడి ఉండటం కూడా అరుదు కాదు. ఊరి గడి కథ వేరే ఉంది: ఖరగ్‌పూర్‌ను ఇంగ్లీషులో రాయడానికి జనం కనిపెట్టిన దారులు చాలక, బిహార్‌లోని ముంగేర్ జిల్లాలో హవేలీ ఖరగ్‌పూర్ అని మరో ఊరు కూడా ఉంది. తెలుగువాడు కావడం వల్ల ఇంటర్నుగారు వెంకటేశ్వరరావులందరినీ ఒక చూపుతో గుర్తుపట్టగలడు. ఆ పని చేతితో చేస్తే రెండు రోజుల్లో అయిపోతుంది. కాని చేతితో చేసినదాన్ని రెజ్యూమేలో రాసుకోవడం కుదరదు కనుక, అదే పని చేసే ప్రోగ్రాము రాయడానికి ఆరు వారాలు వెచ్చిస్తాడు. ఆ ప్రోగ్రాము వెంకటేశ్వరరావులతో పాటు వెంకట రమణారావును కూడా కలిపేస్తుంది.

ఈ దశలోనే ఆదివారం వస్తుంది. మెస్సులో వేసవి వంట వేసవిలాగే ఉంటుంది కనుక ఇంటర్నుగారు సైకిలెక్కి ఐఐటీ దాటి, గోల్‌బజార్ మీదుగా నిమ్‌పురాలోని మావయ్య ఇంటికి భోజనానికి వెళతాడు. అక్కడ పప్పు, అత్తయ్య ఊరి నుంచి తెప్పించిన ఆవకాయ, ముక్కలు కోసిన హిమసాగర్ మామిడిపండ్లతో పాటు ప్రతివారం ఒకే ప్రశ్న కూడా వడ్డిస్తారు.

"ఏటిరా బాబూ, మరి నువ్వు చేసే పనేటి?"

ఇంటర్నుగారు తడుముకోకుండా, తప్పుల తడకగా ఉన్న సమాచారాన్ని సరిచేసి, అది సరిగా ఉందో లేదో యంత్రమే కనిపెట్టే పద్ధతి తయారుచేస్తున్నానని చెబుతాడు. మావయ్య నవ్వడు. ఆయన యార్డులో నంబర్ టేకర్‌గా చేరి పదవీ విరమణ చేసినవాడు. నంబర్ టేకర్ అంటే యార్డులోకి వచ్చిన ప్రతి గూడ్సు బండి వెంట, ఎండైనా వానైనా, రాత్రయితే లాంతరుతో నడుస్తూ, వ్యాగన్ల నంబర్లను వరసగా పుస్తకంలోకి ఎక్కించే ఉద్యోగి. ఆయన రాసిన పుస్తకమే లేకపోతే ఏ బొగ్గు ఏ కర్మాగారానికి పోతోందో రైల్వేకు తెలిసే దారి ఉండేది కాదు. ఇప్పుడు వ్యాగను మీద కనిపించే నంబరులో 11 అంకెలుంటాయి: మొదటి రెండు వ్యాగను రకాన్ని, తరువాతి రెండు దాని సొంతదారైన రైల్వేను, ఆ తరువాతి రెండు తయారైన సంవత్సరాన్ని, తరువాతి నాలుగు దాని వరస సంఖ్యను చెబుతాయి. చివరి అంకె సరిచూపు అంకె, అంటే ముందున్న పదింటితో నిర్ణీత పద్ధతిలో లెక్కవేసి రాబట్టేది. పదింటిలో ఒకటి తప్పు రాసినా చివరిది పొసగదు కనుక తప్పు వెంటనే బయటపడుతుంది.

"పొసగనినాడు వెనక్కి నడిచెళ్లి మళ్లీ చూసుకుని రావాలి, అంతే కదరా," అని మావయ్య పండు ముక్క అందుకుంటాడు. ఇంటర్నుగారు ఏడాది పొడుగునా చదివిన పాఠ్యపుస్తకంలో 'వెనక్కి నడిచివెళ్లడం' అనే అధ్యాయం లేదు. 1986లో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం ఏర్పడటం, అది సరుకు రవాణా సమాచారాన్నంతటినీ కంప్యూటర్లలోకి ఎక్కించడం, నంబరు పుస్తకాలు మూలపడటం మాత్రం ఉన్నాయి; మావయ్యకు ఆ కథ అవతలివైపు నుంచి తెలుసు.

జూన్ మధ్యలో ఇంటర్నుగారికి ఇల్లు గుర్తుకొస్తుంది. రైలు టికెట్లను 60 రోజుల ముందు నుంచే కొనుక్కోవచ్చు కనుక ఏప్రిల్లోనే కొనవలసింది. అయితే వచ్చే మూడు త్రైమాసికాల్లో కంపెనీ సరుకుకు ఎంత గిరాకీ ఉంటుందో అంచనా వేయడంలో మునిగి ఉన్నందువల్ల తనకు జూన్‌లో ఒక బెర్తు కావలసివస్తుందని అంచనా వేయలేకపోయాడు. చివరికి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్టు టికెట్ దొరుకుతుంది. అది ఖాయమయ్యే అవకాశం ఎంతో కనుక్కోవడానికి పాత వివరాలన్నీ సేకరించి, ఒక రాత్రంతా మేలుకుని నమూనా నిర్మిస్తాడు. తెల్లవారి అది ఎనభై ఒకటి శాతం అని చెబుతుంది. మావయ్య ఆ నంబరు చూసి, పెళ్లిళ్ల రోజుల్లో అది కదలదని ఒక్క మాటలో తేల్చేస్తాడు. టికెట్ కదలదు. ఇంటర్నుగారు మాత్రం నమూనాలో లోపం లేదనీ, మిగిలిన పంతొమ్మిది శాతమే జరిగిందనీ వివరిస్తాడు. ఆ వాదన గణితశాస్త్ర దృష్ట్యా తిరుగులేనిది.

అలా ఊళ్లో మిగిలిపోయినవాడికి గ్రంథాలయం గుర్తుకొస్తుంది. ఎస్.ఆర్. రంగనాథన్ గ్రంథాలయశాస్త్రానికి ఐదు సూత్రాలు ప్రకటించినది హిజ్లీ కాల్పులు జరిగిన 1931లోనే. వాటిలో ఒకటి పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలంటుంది. ఆ సూత్రానికి కంప్యూటరు యుగపు వారసత్వమనదగిన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని ఖరగ్‌పూర్ ఐఐటీయే నడుపుతోంది. 2018 జూన్ 19న జాతికి అంకితమైన ఆ వ్యవస్థకు ప్రాణం మెటాడేటా, అంటే పుస్తకంలోని విషయం కాక, దాని రచయిత, సంవత్సరం, భాష, స్థాయి వంటి గుర్తులను తెలిపే సమాచారం. ఈ పని ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు: సంపుటి సంఖ్య పేరులో, ప్రచురణకర్త రచయిత గడిలో పడితే పుస్తకం ఉండీ లేనట్టే. ఊరూరా గ్రంథాలయాలు పెట్టి, 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపిన తెలుగువారి మనవడు కదా అని ఇంటర్నుగారి మీద ఎవరైనా ఆశ పెట్టుకుంటే అది అస్థానం కాదు. నాలుగు రోజులు అతడు శ్రద్ధగానే చదువుతాడు. అయిదోనాడు గ్రంథాలయంలోని ఏసీ ఎంత చల్లగా ఉంటుందో కనుక్కుంటాడు.

పట్టణానికి సంబంధించిన ఒక సమాచారాన్ని సరిచేసే అవకాశం కూడా అతడికి వస్తుంది. 1,072.5 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేటలో పెద్దలంతా చెబుతారు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని మించిపోయాయని ఇంటర్నుగారికి తెలుసు. మావయ్య అరుగు మీద ఈ దిద్దుబాటు ప్రవేశపెట్టడానికి ఒక్కసారి నోరు తెరుస్తాడు. అత్తయ్య మరో గరిటె ఆవకాయ వడ్డించగానే మూస్తాడు. వేసవి మొత్తంలో అతడు తీసుకున్న నిర్వహణ నిర్ణయాల్లో నిస్సందేహంగా సరైనది ఇదొక్కటే.

జూన్ ఆఖరున నివేదిక సమర్పణ జరుగుతుంది. డాష్‌బోర్డు, అంటే సంస్థ లెక్కలన్నిటినీ రంగురంగుల చక్రాలుగానూ కడ్డీలుగానూ ఒకే తెరపై చూపే ఏర్పాటు, సిద్ధమవుతుంది. కంపెనీ పెద్దలు రంగులు బాగున్నాయంటారు. పీపీఓ, అంటే చదువు పూర్తికాకముందే ఇచ్చే ఉద్యోగ హామీ, గురించి త్వరలో తెలియజేస్తామంటారు. వెంకట రమణారావు ఇంకా వెంకటేశ్వరరావుగానే ఉండిపోతాడు. జూలైలో తరగతులు తెరిచాక ప్రాంగణంలోని చేదీస్ టీకొట్టు బల్లల దగ్గర టీ తాగుతూ ఇంటర్నుగారు జూనియర్లకు తన వేసవిని వర్ణిస్తాడు. ఆ వర్ణనలో జట్టుకు నాయకత్వం వహించడం, భాగస్వాములను సమన్వయపరచడం, సామర్థ్యాన్ని నలభై శాతం పెంచడం వస్తాయి. జట్టులో ఉన్నది అతడొక్కడే.

కనుక సంబంధాలు చూడవచ్చే పెద్దలకూ, ఉద్యోగాలు ఇవ్వవచ్చే పెద్దలకూ ఒక మనవి: ఇటువంటి రెజ్యూమేలో మే, జూన్ నెలల కింద శాతాలు కనిపిస్తే వాటిని నాలుగుతో భాగించి చదువుకోండి, అనుమానం తీరకపోతే నిమ్‌పురాలో మావయ్యను అడగండి, ఆయన చివరి అంకె లెక్కవేసి చెబుతాడు.