దుబాయ్‌లో మాకో ఫ్లాటుంది

హైదరాబాద్, విజయవాడ స్టార్ హోటళ్లలో వారాంతాల్లో దుబాయ్ ఫ్లాట్ల మేళాలు నడుస్తున్నాయి. ప్రవేశం ఉచితం, బఫే ఉచితం, బుర్జ్ ఖలీఫా వీడియో ఉచితం. డబ్బు తీసుకునేది ఒక్కదానికే: జుమేరా విలేజ్ సర్కిల్‌లోనో మరోచోటో 400 చదరపు అడుగుల స్టూడియో. మంచం, సోఫా, వంటగట్టు అన్నీ ఒకే గదిలో. సూటు వేసుకున్న కుర్రాడు చెప్పే మంత్రం మూడు ముక్కలే. అద్దె ఏడెనిమిది శాతం, పన్ను సున్నా, మీరు కాలు కదపక్కర్లేదు. హైదరాబాద్‌లో ఫ్లాటు ధర మీద అద్దె మూడు శాతం రావడమే గగనమని తెలిసినవాళ్లకు ఈ మాటలు చెవిలో తేనె పోసినట్టుంటాయి. ఆ మూడు ముక్కల్లో ఒక్కటీ కాగితం మీద నిలబడదు.

ముందు మన జాగ్రత్త సంగతి చూద్దాం. ఘట్‌కేసర్‌లో 200 గజాల ప్లాటు కొనాలంటే మనవాడు ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాడు. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తాడు. హద్దురాళ్లు దగ్గరుండి కొలిపిస్తాడు. చెరువు ఎఫ్‌టీఎల్‌లోకి వస్తుందేమోనని, హైడ్రా కూల్చేస్తుందన్న భయంతో మ్యాపులు తిరగేస్తాడు. ఈశాన్యం తెగిందేమోనని సిద్ధాంతిని పిలుస్తాడు. అన్నీ కుదిరాక బావమరిదికి నచ్చలేదని మానేస్తాడు. ఇంత జాగ్రత్తపరుడూ దుబాయ్ అనేసరికి బిర్యానీ తిని చేయి కడుక్కునేలోపు టోకెన్ అడ్వాన్స్ కట్టేస్తున్నాడు. చూడని ఊళ్లో, పునాది పడని భవనంలో, పదిహేడో అంతస్తులో గది. అక్కడి వాస్తు ఎవరూ అడగరు. అద్దె లెక్క అంతకన్నా అడగరు.

ఆ లెక్క మనమే వేద్దాం. కుర్రాడి మాట తీసెయ్యకుండా అతనికి అనుకూలంగానే వేద్దాం. కట్టి సిద్ధంగా ఉన్న స్టూడియో ధర 6 లక్షల దిర్హామ్‌లు, ఏడాది అద్దె 45,000 అనుకుందాం. అంటే ఏడున్నర శాతం. దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ఫీజు 4 శాతం, ఏజెంటు కమిషన్ మామూలుగా 2 శాతం, దాని మీద వ్యాట్ కలిపితే ఖరీదు 6,36,600. దిర్హామ్ 24 రూపాయల చొప్పున దాదాపు కోటిన్నర. ఇక అద్దెలోంచి తీసేవి. ఏడాదికి ఒక నెల ఖాళీ ఉంటే 3,750. సర్వీస్ చార్జి అడుగుకు 16 చొప్పున 6,400. ఇది ఫ్లాటు ఖాళీగా ఉన్నా ఆగదు. అద్దె వసూలు చేసి పెట్టేవాడికి ఐదు శాతం, అంటే 2,050 దాకా. ఏసీ, గీజరు, గోడల రంగు 1,500. చేతిలో మిగిలేది 31,300. ఏడున్నర ఇక్కడికే ఐదు కిందకు దిగింది. ఇంకా పన్ను దగ్గరకు రాలేదు.

పన్ను సున్నా అన్నది అబద్ధం కాదు, సగం నిజం. అద్దె మీద ఆదాయపు పన్ను వేయనిది దుబాయ్. కొన్న పెద్దమనిషి కాపురం కూకట్‌పల్లిలో. భారతదేశంలో నివాసి అయినవాడి ఆదాయం ప్రపంచంలో ఎక్కడ పుట్టినా ఇక్కడి లెక్కలోకి వస్తుంది. వచ్చిన అద్దెలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ తీసేసి, మిగతాదాని మీద పై శ్లాబులో ఉన్నవాడు సెస్సుతో కలిపి 31.2 శాతం కట్టాలి. మన ఉదాహరణలో అది 9,000 దిర్హామ్‌లు. మిగిలింది 22,300, పెట్టినదాని మీద మూడున్నర శాతం. పేరున్న బ్యాంకులో ఆరున్నర శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినా అదే పన్ను పోగా నాలుగున్నర మిగులుతుంది. డబ్బు పంపేటప్పుడు మరో ముచ్చట. విదేశాలకు సొమ్ము పంపుకునే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఏడాదికి 10 లక్షలు దాటి పంపే సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. కోటిన్నర ఒకేసారి పంపితే 28 లక్షల పైమాటే. తర్వాత పన్నులో సర్దుబాటవుతుంది, నిజమే. కానీ అప్పటిదాకా ఆ సొమ్ము వడ్డీ లేకుండా సర్కారు దగ్గర సేదదీరుతుంది. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపడం మరిస్తే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. మేళాలో ఈ చట్టం పేరెత్తిన పాపాన ఎవరూ పోరు.

కాలు కదపక్కర్లేదన్న మూడో ముక్క కూడా చూద్దాం. దుబాయ్‌లో అద్దె ఇష్టం వచ్చినట్టు పెంచడానికి లేదు. 2013 నాటి డిక్రీ ప్రకారం మార్కెట్ సూచీకి ఎంత తక్కువుంటే అంతకు తగ్గ పెంపే, అదీ 20 శాతం మించకుండా. అమ్మడానికో, సొంతానికో ఖాళీ చేయించాలంటే నోటరీ ద్వారానో రిజిస్టర్డ్ పోస్టులోనో 12 నెలల ముందు నోటీసివ్వాలి. అద్దెకున్నవాడికి ఇది న్యాయమైన రక్షణే. అమీర్‌పేటలో కూర్చుని ఫోన్లో ఇల్లు నడపాలనుకునేవాడికి మాత్రం ఏడాది పొడవునా పనే.

రూపాయి పడిపోతోంది కదా, దిర్హామ్ ఆస్తి ఉంటే మంచిదేగా అంటారు. ఇది వాళ్ల వాదనల్లో గట్టిది. 1997 నుంచీ డాలరుకు 3.6725 దిర్హామ్‌లు, మారలేదు. పదేళ్ల కింద 17, 18 రూపాయలున్న దిర్హామ్ ఇప్పుడు 24 దగ్గరుంది. అయితే ఆ లాభం డాలరుది, గదిది కాదు. అదే ఎల్‌ఆర్‌ఎస్ కింద అమెరికా ఇండెక్స్ ఫండ్ కొన్నా రూపాయి పతనం లాభం చేతికొస్తుంది. ఫండులో నష్టభయం లేదని కాదు. దానికి సర్వీస్ చార్జి, ఏసీ రిపేరు ఉండవు, అవసరమైతే పది యూనిట్లు అమ్ముకోవచ్చు. అమ్మాయి ఫీజు గడువు ముంచుకొచ్చినప్పుడు స్టూడియోలో వంటగట్టు ఒక్కటీ విడిగా అమ్ముకోలేం.

అద్దె సరే, ధర పెరుగుతుందిగా అన్నది మరో మాట. 2020 తర్వాత దుబాయ్ ధరలు బాగా పెరిగాయి. అయితే 2008 సంక్షోభంలో అవే ధరలు సగానికి పైగా కూలాయి. 2009 నవంబరులో అక్కడి సర్కారు కంపెనీ దుబాయ్ వరల్డ్ అప్పుల వాళ్లను గడువు అడిగింది. 2013 చివర్లో ఎక్స్‌పో 2020 ఆ నగరానికి ఖాయమైనప్పుడు ఇక ఆకాశమే హద్దన్నారు. 2014 తర్వాత ఆరేళ్లు ధరలు నేలచూపులే చూశాయి. చిన్న స్టూడియోకు ఇంకో గండం కూడా ఉంది. కట్టడానికి అన్నిటికన్నా సులువైనది అదే, పక్కనే స్థలానికి కొదవ లేదు. మీరు అమ్మే రోజున పక్క టవరులో సరికొత్త గదిని నెలకు ఒక శాతం వాయిదాల మీద ఇస్తానంటాడు బిల్డరు. మీ పాత గదికి మొత్తం సొమ్ము రొక్కంగా ఎవరిస్తారు? అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

మూడేళ్లు ఎనిమిది శాతం గ్యారంటీ అని కాగితం ఇస్తారుగా అనేవాళ్లూ ఉన్నారు. మూడెనిమిదులు ఇరవై నాలుగు. ఆ ఇరవై నాలుగు ముందే ధరలో కలిపి మీ దగ్గర పుచ్చుకుని, మీ డబ్బే మీకు విడతలుగా తిరిగివ్వడానికి ఏ బిల్డరుకూ ఇబ్బంది ఉండదు. నాలుగో ఏడు అద్దె ఎంతన్న ప్రశ్నకు ఆ కాగితంలో గడి ఉండదు. ఈ వ్యాపారంలో కచ్చితంగా సంపాదించేవాళ్లు లేకపోలేదు. ఏజెంటు, బిల్డరు, ల్యాండ్ డిపార్ట్‌మెంట్, అద్దె వసూలుదారు అందరూ తమ వంతు తీసుకున్నాకే మీ వంతు వస్తుంది. ఆ నగరాన్ని కట్టినవాళ్లలో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల కూలీలెందరో ఉన్నారు. వాళ్ల లెక్కలో డబ్బు దుబాయ్ నుంచి ఊరికి వస్తుంది. ఊరి నుంచి దుబాయ్‌కి పంపి దానికి ఆదాయమని పేరు పెట్టింది మన కొత్త ఇన్వెస్టర్లే.

అక్కడే ఉద్యోగం చేస్తూ, అద్దెకు కట్టే డబ్బు మిగుల్చుకుందామని కొనుక్కునేవాడి లెక్క వేరు. వాడికది ఇల్లు, వాడి జోలికి పోనక్కర్లేదు. గోల్డెన్ వీసా కోసం కొంటున్నానంటే ఆస్తి విలువ 20 లక్షల దిర్హామ్‌లుండాలి, ఆరు లక్షల గది ఆ గుమ్మం దాకా కూడా తీసుకెళ్లదు. మిగిలింది ఒక్కటే: పెళ్లిళ్లలో, వాకింగ్ ట్రాకు మీద "దుబాయ్‌లో మాకో ఫ్లాటుంది" అని చెప్పుకునే వైభోగం. డిపాజిట్‌తో పోలిస్తే పైలెక్క ప్రకారం ఆ వాక్యం ఖరీదు ఏడాదికి లక్షన్నర రూపాయలు. స్తోమతున్నవాళ్లు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. కాకపోతే పద్దు పుస్తకంలో దాన్ని పెట్టుబడుల కింద కాదు, బారసాల ఖర్చుల పక్కన రాసుకోవాలి.