ఎనభై దాటితే నేరం

కోడ్ రివ్యూ టూల్‌ను ఎంచుకోవడం అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్‌ను ఎంచుకోవడం లాంటిదే. మైత్రీవనం దాటేలోపు చేతిలో నాలుగు కరపత్రాలు పడతాయి, అన్నింటిలోనూ డెమో ఫ్రీ. టూల్‌కీ అంతే. కొన్నాళ్లు ఉచితం, ఆపైన కొందరు తలకింత అంటారు, కొందరు కోడ్ లైన్ల లెక్క తీస్తారు.

వీటన్నిటికీ మూలపురుషుడు లింట్. స్టీఫెన్ జాన్సన్ 1978లో బెల్ ల్యాబ్స్‌లో సి భాషలోని కోడ్‌లో తప్పులు పట్టడానికి రాశాడు. 2001లో జావాకు చెక్‌స్టైల్, 2013లో జావాస్క్రిప్ట్‌కు ఈఎస్‌లింట్ వచ్చాయి. ఇప్పుడు ఏఐ టూల్స్ వచ్చి పుల్ రిక్వెస్ట్ కింద వ్యాసాలు రాస్తున్నాయి, అదీ ముందు "చాలా బాగా రాశారు" అని మెచ్చుకుని.

వీటి ఫిర్యాదుల్లో తరచూ కనిపించేది లైను పొడవు. చెక్‌స్టైల్‌లో ఎవరూ మార్చకపోతే హద్దు 80 అక్షరాలు, ఈఎస్‌లింట్‌లోనూ ఆ రూల్ ఆన్ చేస్తే అంతే. ఎందుకంటే 1928లో ఐబీఎం తెచ్చిన పంచ్ కార్డులో 80 నిలువు వరుసలుండేవి. పంజాగుట్ట చౌరస్తాలో నిలబడి అడిగితే ఆ అట్టముక్కను చూసినవాళ్లు దొరకడం కష్టం. అయినా దాని పెత్తనం గజం వెడల్పు మానిటర్ల మీద సాగుతూనే ఉంది. జావావాళ్ల బాధ మరీ ఘోరం. స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో 'అబ్‌స్ట్రాక్ట్ సింగిల్టన్ ప్రాక్సీ ఫ్యాక్టరీ బీన్' అని ఒక క్లాసుంది. ఇంగ్లిష్‌లో కలిపి రాస్తే 33 అక్షరాలు. ఒకే లైన్లో అది రెండుసార్లు వచ్చిందా, 66 ఖర్చు. మిగిలిన 14లోనే సంసారమంతా ఈదాలి. పోనీ ఇంకేదో రూల్ గోల ఆపుదామని ఈఎస్‌లింట్‌లో లైను చివర ఆ రూల్ పేరుతో సహా 'డిజేబుల్' అని రాస్తే, ఆ రాతవల్ల లైను పొడవైపోయిందని మరో వార్నింగ్!

అసలు దొంగ మాత్రం పొట్టివాడు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ భద్రతా కోడ్‌లో బయటపడ్డ తప్పు 'గోటూ ఫెయిల్' అన్న లైను రెండుసార్లు పడటం. పట్టుమని 10 అక్షరాలు. దాంతో కింది కోడ్ నడవలేదు, సర్వర్ సంతకాన్ని సరిచూడటం ఆగిపోయింది. నడవని కోడ్‌ను పట్టే వార్నింగ్ క్లాంగ్ కంపైలర్‌లో అప్పటికే ఉంది, కానీ దాన్ని ఎవరో ఒకరు ఆన్ చేయాలి.

కాబట్టి టూల్‌ను డెమో కోడ్ మీద పరీక్షించడం దండగ. క్లయింట్ చేత తిట్లు తినిపించిన పాత బగ్స్‌ను, సరిచేయకముందున్న కోడ్‌తో సహా, దాని ముందు పెట్టాలి. ఎన్ని పట్టిందో, వాటి కోసం ఎన్ని ఉత్తుత్తి వార్నింగులు కుమ్మరించిందో లెక్కేయాలి. రెండో లెక్కే ముఖ్యం. రోజూ నూటికి తొంభై ఉత్తవే అయితే, పదిహేను రోజులకు జట్టులో ఎవరూ ఏదీ చదవరు. పాత కోడ్ జోలికి పోకుండా కొత్తగా మారిన లైన్లనే చూసే సదుపాయం ఉంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

టూల్ వచ్చాక ఆఫీసుల్లో ఒకటి తగ్గింది. ఫ్రెషర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇలా ఎందుకు రాశావ్ తమ్ముడూ?" అని అడిగే సీనియర్ ఇప్పుడు తక్కువ. ఆ అడగడంలో తిట్లూ ఉండేవి, చాయ్ కూడా ఉండేది. టూల్‌కు తప్పు కనిపిస్తుంది, రాసినవాడి అయోమయం కనిపించదు.

టూల్‌ను ఎంచుకునేటప్పుడు చివరగా చూడాల్సింది కోడ్ ఎక్కడికి వెళ్తుందన్నది. సోనార్‌క్యూబ్ వంటివి సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. ఏఐ టూల్స్ చాలావరకు కోడ్‌ను బయటి సర్వర్లకు పంపుతాయి. క్లయింట్‌తో ఒప్పందం దీనికి ఒప్పుకుంటుందో లేదో ట్రయల్ మొదలుపెట్టకముందే చూసుకోవాలి.