ఆపివేయవద్దు – సటీకా తాత్పర్యము

అవతారిక

మొన్నొక బుధవారం ఉదయం, మా అన్నయ్య సంస్మరణ సభకు ఆహ్వానాలు యాభై తీయించుకుందామని వీధి చివర జిరాక్సు కొట్టుకు వెళ్లాను. పెన్‌డ్రైవ్ చేతికిచ్చేలోగానే కొట్టబ్బాయి తెరవైపు చూపించి, "కూర్చోండి మాస్టారూ, అప్‌డేట్ పడింది" అన్నాడు. పిడుగు పడింది, వడగళ్లు పడ్డాయి అన్నంత సహజంగా అన్నాడు. ఎవరు పడేశారని అడగాలని అతనికీ తోచలేదు, నాకూ తోచలేదు. గంటా పది నిమిషాలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ముప్పై రెండేళ్లు కాలేజీలో తెలుగు చెప్పినవాణ్ణి. కళ్లెదుట మూలం ఉండి పక్కన టీక లేకపోతే చెయ్యి ఊరుకోదు.

మూలము

అప్‌డేట్ల పని జరుగుచున్నది. 27% పూర్తయినది. దీనికి కొంత సమయము పట్టవచ్చును. కంప్యూటరును ఆపివేయవద్దు.

కర్త పేరు తెలియదు. ఫోన్ల శాఖ వారూ, బల్లమీది యంత్రాల శాఖ వారూ కొద్దిపాటి పాఠభేదాలతో ఇదే పఠిస్తారు. తెలుగు చేసిన పాపం మాత్రం వ్యాఖ్యాతది.

టీక

కంప్యూటరును: స్పష్టము. అప్‌డేట్: స్పష్టము. పూర్తయినది: అబద్ధము, కనుక అదీ స్పష్టమే.

మెతుకుసీమ కొలిచెలమ వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. నేను అలాంటి ప్రతిజ్ఞ ఏదీ చేయలేదని ముందే మనవి.

జరుగుచున్నది: పెళ్లి జరుగుతోంది, విచారణ జరుగుతోంది, పని జరుగుతోంది. కర్త కనపడకుండా క్రియ నడిపించాలంటే తెలుగులో ఇంతకు మించిన ధాతువు లేదు. సర్కారు కచేరీల్లో దీన్ని కనిపెట్టారనుకునేవాణ్ణి. ఇప్పుడు అమెరికా దాకా పాకినట్టుంది. ఎవరు చేస్తున్నారు? చెప్పరు. ఎవరి యంత్రం మీద? కొట్టబ్బాయి వాయిదాల మీద కొన్న యంత్రం మీద. ఎవరు అడిగితే? ఇక్కడ కాస్త మీమాంస అవసరం.

కర్మలు మూడు విధాలు: నిత్యం, నైమిత్తికం, కామ్యం. మైక్రోసాఫ్టు వారు 2003 అక్టోబరు నుంచి నెలకోసారి, రెండో మంగళవారం నాడు భద్రతా అతుకులు విడుదల చేస్తున్నారు. ఇది సంధ్యావందనం వంటిది. చేస్తే ప్రత్యేక ఫలమంటూ కనిపించదు, మానితే మాత్రం దోషం తగులుతుంది. దొంగలు ఇంట్లో దూరేశారని కబురందితే నెల మధ్యలోనే అకాలంగా చేసేది నైమిత్తికం. కొత్త హంగుల కోసం కోరి తెచ్చుకునేది కామ్యం, దాని ఫలం తెచ్చుకున్నవాడే అనుభవిస్తాడు. మంగళవారమే ఎందుకు? సోమవారం వెనకటి వారపు చిక్కులు తీర్చుకోవడానికి వదిలిపెట్టారట, మిగిలిన వారమంతా కొత్త చిక్కులకట. మంగళవారం నాడు మా నాయనమ్మ గోళ్లు కూడా తీయనిచ్చేది కాదు. అక్కడి పసిఫిక్ తీరంలో మంగళవారం పొద్దున పది గంటలంటే మనకు రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. అందుచేత ఆంధ్రదేశంలో ఈ కర్మఫలం బుధవారం ఉదయం, గిరాకీ వేళకు అందుతుంది.

27%: దేనిలో? మొత్తం ఎంతో తెలియనిదే శాతం ఎలా తెలుస్తుందని తార్కికుడు అడుగుతాడు. అడగనివ్వండి. నేను చూస్తుండగా ఈ అంకె 27 మీద ఇరవై రెండు నిమిషాలు తపస్సు చేసి, ఒక్క గెంతులో 61కి వెళ్లింది. తర్వాత యంత్రం ఆగి, వెలిగి, మళ్లీ 3 నుంచి మొదలుపెట్టింది. పురాణాల్లో యుగాలకు కూడా లెక్క ఇంతకంటే నిలకడగా ఉంటుంది.

కొంత: మూలమంతటికీ ఇది ఆయువుపట్టు. కొంత, కొన్ని, కొందరు. చెప్పినట్టే ఉండి చెప్పకపోవడానికి ఈ మాటలు పుట్టాయి. దీని మహిమ తెలియాలంటే 2018 ఫిబ్రవరి ముచ్చట ఒకటి చెప్పుకోవాలి. పాఠకులు తొందరపడకూడదు, తెర మీద ఇంకా 100 పడలేదు.

ఆ నెలలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతటా ఐఫోన్లను కుప్పకూల్చింది. ఆ అక్షరం ఏదో కాదు, జ్ఞా. జ్ఞానంలోని జ్ఞా! సందేశంలో ఆ అక్షరం వస్తే సందేశాలు చూపే యాప్ పడిపోయేది. ప్రకటనగా తెరమీదికి వస్తే ఫోను ముంగిలే మూతబడేది. ఐఫోనే కాదు, ఆ కంపెనీ చేతిగడియారాలకూ బల్లకంప్యూటర్లకూ అదే గతి. జ్ఞానాన్ని భరించడం కష్టమని మన పెద్దలు చెబుతూనే ఉన్నారు గాని, ఇంత అక్షరాలా జరుగుతుందని వారూ అనుకుని ఉండరు.

న్యాయంగా చెప్పాలంటే తప్పు వట్టి జ్ఞాది కాదు. జ, దాని కింద ఞ ఒత్తు, తర్వాత కంటికి కనపడని ఒక చిహ్నం, ఆపైన దీర్ఘం. ఈ కూర్పు తగిలినప్పుడే కూలేది. ఆ కనపడని చిహ్నానికి వెడల్పు సున్నా. పక్క అక్షరాలు అతుక్కోకుండా మధ్యన నిలబడడమే దాని పని. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు ట కిందికి వ పోయి ఒత్తుగా చేరకుండా కాపాడేది అదే. రూపం లేదు, కొలత లేదు, కాని భేదాన్ని కలిగిస్తుంది. అద్వైతులు మాయ గురించి ఇంతకు మించి చెప్పలేదు.

ఇక జ్ఞ సంగతి. రాసేది జ, ఞ. తెలుగువాడు పలికేది గ్న్య. హిందీవాడికి గ్య, మరాఠీవాడికి ద్న్య. నోళ్లన్నీ తడబడిన అక్షరం ఇది. యంత్రం తడబడిందంటే యంత్రాన్ని మాత్రం ఏమనగలం? కాని మన పల్లెవాళ్లు దీనికి ఎప్పుడో అతుకు వేసుకున్నారు. యజ్ఞాన్ని జన్నం చేశారు. ఆజ్ఞ ఆన అయింది, సంజ్ఞ సన్న అయింది, విజ్ఞాపన విన్నపమైంది, రాజ్ఞి రాణి అయి కూర్చుంది. ఇన్ని మాటల్లో జ్ఞను తీసేసి నయో ణయో పెట్టినా ఒక్క వాక్యం ఆగలేదు, ఒక్క పద్యం కూలలేదు. పాత కావ్యాలేవీ తెరుచుకోకుండా పోలేదు. జన్నం వచ్చాక యజ్ఞానికి మద్దతు నిలిపివేస్తున్నామని ఎవరూ చాటింపు వేయలేదు. రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. అప్‌డేట్ అంటే అదీ!

సరే, ఆపిల్ వారు 2018 ఫిబ్రవరి 19న దీనికి దిద్దుబాటు విడుదల చేశారు. జనానికి చూపిన ప్రకటనలో వారన్నది ఏమిటి? 'కొన్ని' అక్షర క్రమాల వల్ల యాప్‌లు కూలే సమస్యను సరిచేశామని. కొన్ని! అందులో తెలుగు అన్న మాట లేదు. భద్రతా పట్టికలో మరీ ఘోరం: దురుద్దేశంతో కూర్చిన అక్షరమాల అని ఆ జాతి దోషాలకు వాడే వాడుకమాట అక్కడ అతికించారు. పరీక్ష పాసైన మేనల్లుడికి ఎవరో 'విజ్ఞానవంతుడివి కావాలి' అని పంపుతూ ఆ కనపడని చిహ్నం పొరపాటున పడేస్తే అందులో దురుద్దేశం ఏముందండీ? ఈ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక ప్రకృతం.

ఆపివేయవద్దు: నిషేధ వాక్యం. ప్రసక్తి ఉన్నచోటే నిషేధం చెల్లుతుందని మీమాంసకుల మతం. ఆకాశంలో పంట వేయవద్దని ఎవరూ నిషేధించరు. కాబట్టి ఆపివేయాలన్న కోరిక చదువరికి కలుగుతుందని గ్రంథకర్తకు ముందే తెలుసు, ఆ కోరిక న్యాయమైనదనీ తెలుసు. ఇంతకూ ఈ నిషేధం ఎవరికి? కొట్టబ్బాయికా, కరెంటు వారికా? ఆ ఉదయం పదకొండుకు కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యోమంటున్నంతసేపూ అబ్బాయి ముఖంలో కనిపించిన భయభక్తులు ఏ దేవాలయంలోనూ నేను చూడలేదు.

నిషేధం తర్వాత అధికారి విచారణ రావాలి. ఏ కర్మకైనా అధికారి ఎవరో శాస్త్రం నిర్ణయిస్తుంది. ఈ శాస్త్రంలోనూ అదే మాట, అడ్మినిస్ట్రేటర్ అంటారు. 2021లో విండోస్‌లో ముద్రణ పనులు చూసే భాగంలో పెద్ద కన్నం బయటపడింది. దానికి ప్రింట్‌నైట్‌మేర్ అని పేరు, ముద్రణ పీడకల అన్నమాట. జులై 6న అకాలంగా ఒక అతుకు వేశారు. అది వేశాక కొన్ని రకాల లేబుళ్ల ప్రింటర్లు పనిచేయడం మానేశాయి. ఆగస్టు 10న ఇంకొకటి వేశారు. అప్పటినుంచి పక్క యంత్రానికున్న ప్రింటరును తగిలించుకోవాలంటే, దాని డ్రైవరు ఎక్కించడానికి అధికారి సంకేతపదం కావాలి. కన్నం నిజమే, అతుకూ అవసరమే. కాని చిన్న ఆఫీసుల్లో ఆ సంకేతపదం ఎవరి దగ్గర ఉంటుంది? సిస్టం పెట్టి వెళ్లిన కుర్రాడి దగ్గర. ఆ కుర్రాడెక్కడ? బెంగళూరులో. పెళ్లి కూడా అయింది, ఫోన్ ఎత్తడు.

పూర్వపక్షం. "అందుకే మాస్టారూ, పైన ఫోటోలు ఎడిట్ చేసే సిస్టానికి అప్‌డేట్లే ఆపించేశాను. మూడేళ్లయింది, హాయిగా ఉంది" అన్నాడు అబ్బాయి.

సిద్ధాంతం. తప్పు నాయనా. 2017 మార్చి 14న ఒక కన్నానికి అతుకు విడుదలైంది. అదే కన్నంలోంచి మే 12న వానాక్రై పురుగు ప్రపంచం మీద పడింది. మధ్యలో 59 రోజులు. వేసుకోని వాళ్ల దస్త్రాలకు తాళం పడింది, విప్పాలంటే డబ్బు అడిగింది. బ్రిటన్‌లో సర్కారు ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని వాత పడ్డాయి. పైగా అతుకు విడుదలైన మరునాటి నుంచే దొంగలు దాన్ని విప్పి, కన్నం ఎక్కడుందో అతుకును బట్టే పోల్చుకుంటారు. మంగళవారం విడుదలైన మందు బుధవారానికి దొంగకు పటం అవుతుంది. నీ పై సిస్టం మూడేళ్లుగా తలుపు తీసి నిద్రపోతోంది.

అబ్బాయి కాసేపు ఆలోచించి, "మరి విమానాశ్రయాల్లో ఆగిపోయింది అప్‌డేట్ వేసుకున్నవాళ్లేగా మాస్టారూ?" అన్నాడు. దీనికి నా దగ్గర ఉన్న సమాధానం సగమే. 2024 జులై 19 నాటిది విండోస్ అప్‌డేట్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే కాపలా సాఫ్ట్‌వేర్‌కు పంపిన చిన్న దస్త్రం. అయినా అది 85 లక్షల విండోస్ యంత్రాలను నీలితెర దగ్గర నిలబెట్టింది. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేత్తో రాసిచ్చారు. కాపలావాడే గుమ్మంలో అడ్డంగా పడుకున్నాడు. పాఠాంతరం వేరైనా ఫలం ఒకటే, ఒప్పుకున్నాను.

తాత్పర్యము

అతుకు వేయవద్దని నేననడం లేదు. ఏం వేశావో చెప్పు. ప్రింటర్ల దగ్గర కన్నం పూడ్చాం, ఇకమీదట అధికారి సంకేతపదం అడుగుతుంది, నలభై నిమిషాలు పడుతుంది, పని ఉంటే రాత్రికి పెట్టుకో. ఈ నాలుగు ముక్కలకు తెర మీద చోటు లేకనా? అంత నీలం ఖాళీగా ఉందే! ఇవన్నీ రాయలేదనను. రాస్తారు. ఎక్కడో ఇంకో పుటలో, ఇంగ్లీషులో, కేబీ అనే రెండక్షరాల పక్కన ఏడంకెల సంఖ్య కింద రాస్తారు, 'తెలిసిన సమస్యలు' అని శీర్షిక కూడా పెడతారు. వారికి తెలిసినవే. జిరాక్సు కొట్టులో కుర్చీ మీద కూర్చున్నవాడికి తెలియనివి. వాడికి దక్కేది 'కొంత', 'పనితీరు మెరుగులు', 'మీ భద్రత కోసమే'. నా భద్రత కోసమే అని మొదలుపెట్టే ప్రతి వాక్యం దగ్గరా నేను జేబు తడుముకుంటాను. ఏం జరుగుతుందో చెప్పని వాడి మందు మింగడానికి జంకి, అబ్బాయి మూడేళ్లుగా తలుపు తెరిచి పడుకున్నాడు. ఆ పాపం అబ్బాయి ఒక్కడిదేనా?

వ్యాఖ్య ఇక్కడిదాకా వచ్చేసరికి తెరమీద 100 పడింది. యంత్రం లేచింది. మీకంతా సిద్ధం చేస్తున్నామని పలకరించింది. ఇది వేరే మూలం, దీనికి వేరే టీక కావాలి. అబ్బాయి నా ఫైలు తెరిచి ప్రింట్ నొక్కాడు. ప్రింటర్ మమ్మల్ని ఎరగనట్టు చూసింది. ఎక్కడో చిన్న కిటికీ తెరుచుకుని అధికారి సంకేతపదం అడిగింది. అబ్బాయి నావైపు చూశాడు. నేను బెంగళూరు వైపు చూశాను.

"ఒక తెల్లకాగితం ఇవ్వు బాబూ, పెన్ను కూడా" అన్నాను.

చేత్తో ఒకటి రాసిచ్చాను. మూలనున్న పాత జిరాక్సు మిషనుకు నెట్ లేదు, మంగళవారం లేదు, అది మూత ఎత్తి మూసినంతలో కిర్రుమంటూ యాభై తీసి పడేసింది. 'జ్ఞాపకార్థం' అన్నచోట ఞ ఒత్తు కాస్త పెద్దదిగా పడి కింది వరుసను తాకింది. దురుద్దేశం ఏమీ లేదు.