మా మడిగెకు టెండరు

నస్పూర్‌లో నాది జిరాక్స్ దుకాణం. పది బై పన్నెండు మడిగె, రెండు మిషన్లు, ఒక లామినేషన్ పెట్టె. 2023 జూన్ 9న కేసీఆర్ ఇక్కడ కొత్త కలెక్టరేట్ తెరిచిన కాడి నుంచి నా గిరాకీలో సగం టెండరు కాగితాలే. ఆ కట్టలను మిషన్ మీద బోర్లించి బోర్లించి నిబంధనలన్నీ నాకు నోటికి వచ్చినయి. వచ్చిన విద్య ఊరికే ఉంటదా? ఉండలే. అదే నా కొంప ముంచింది.

పోయిన వానాకాలం స్లాబు కారింది. చుక్క సరిగ్గా మిషన్ అద్దం మీద పడ్డది. ఒకాయన ఆధార్ కాపీలో కుడి చెంప మీద పుట్టుమచ్చ పుట్టింది. ఆయన గుర్తుపట్టలే గానీ ఆఫీసులో క్లర్కు గుర్తుపట్టిండు. ఇగ లాభం లేదు, నేల, గోడలు, బోర్డు అన్నీ బాగు చేయిద్దామనుకున్న. బోర్డు సంగతి వేరే చెప్పాలె. 2016 అక్టోబర్‌లో ఆదిలాబాద్ జిల్లా చెరిపి మంచిర్యాల జిల్లా అని రాయించిన. 2018లో మున్సిపాలిటీ అన్నరు, మళ్లీ పెయింటర్‌ను పిలిచిన. 2025 జనవరిలో ఆ మున్సిపాలిటీని తీస్కపోయి మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిపిండ్రు. ఇప్పుడు నా బోర్డు మీద రంగు, గోడ మీద సున్నం కంటే మందం.

"టెండరు పిలుస్త" అన్న ఇంట్ల.

"పది బై పన్నెండుకు టెండరేంది? టోనర్ తలకెక్కిందా?" అన్నది మా ఆవిడ.

మొదట వచ్చినాయన ఇంటీరియర్ మనిషి. వేలితో ట్యాబ్ మీద గీసి నా మడిగెను చూపించిండు. అందులో సోఫా, మూలకు ఒక మొక్క, కాఫీ కప్పు పట్టుకొని నవ్వుతున్న ఒక తెల్లటి అమ్మాయి.

"ఈమె ఎవలు?"

"కస్టమర్ సార్."

నా కాడికి వచ్చే కస్టమర్ పహాణీ నకలు చంకల పెట్టుకొని, చిల్లర లేదని చెప్పే మనిషి. సరే అనుకొని లెక్క చూసిన. నేల నూట ఇరవై చదరపు అడుగులు. రెండు బై రెండు టైల్ ఒక్కటి నాలుగు అడుగులు పడుతది, ముప్పై టైల్స్ చాలు. పెట్టెకు నాలుగు, ఎనిమిది పెట్టెలు తెస్తే రెండు మిగులుతయి. ఆయన పన్నెండు పెట్టెలు రాసిండు. "వేస్టేజ్ సార్" అన్నడు. పద్దెనిమిది టైల్స్ పగిలేటట్టు పరిచేటోడు నాకెందుకు? పైగా సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22నే 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆయన కొటేషన్‌లో మాత్రం దిగలే. అదేందంటే "పాత స్టాక్ సార్" అన్నడు. నేను పిలవకముందే నా మడిగె కోసం సిమెంటు కొని పెట్టిండన్నట్టు.

రెండో మనిషి ముసలి సుతారి, ఎక్సెల్ బండి మీద వచ్చిండు. చెప్పులు బయట విడిచిండు. దుకాణంలోకి చెప్పులు విడిచి వచ్చిన మొదటి మనిషి ఆయనే. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి గొంతుక్కూసొని, గచ్చు మీద జానెడుకొక్కసారి కొట్టుకుంట పోయిండు. టక్, టక్, టక్... ఒక్క కాడ డుబ్ అన్నది. అక్కడ సుద్దముక్కతో సున్న చుట్టిండు. మూల దాకా పోయేసరికి మూడు సున్నలు తేలినయి.

"ఈ మూడు జాగలే డొల్ల. మిగిలిన గచ్చు ఇంకో ఇరవై ఏండ్లు ఉంటది, పలగ్గొట్టకు బిడ్డా."

పైకెక్కి చూసి, నీళ్లు పోయే తూములోంచి పిడికెడు యాపాకు తీసి కింద పడేసిండు. "స్లాబు మంచిగనే ఉన్నది. ఇగో, ఇదీ నీ కారుడు."

"మొత్తం ఎంతయితది పెద్దయ్యా?"

"చేస్తే తెలుస్తది. దినకూలి ఇయ్యి."

అంకె లేని బిడ్డు చెల్లదు. నిబంధన. పెద్దయ్య అక్కడ్నే ఎగిరిపోయిండు.

మూడో ఆయన బండి ఇంజను కూడా బందు పెట్టలే. షట్టర్ బయటి నుంచే లోపలికి ఒకసారి చూసి, "అరవై రెండు వేలు, అంతా కలిపి" అన్నడు. అందరికంటే తక్కువ. సర్కారు భాషలో ఎల్-1.

"ధరావతు కట్టాలె" అన్న గంభీరంగ. కేంద్రం నియమాల్లో మామూలుగా అంచనా మీద 2 నుంచి 5 శాతం అని ఉంటది. నేను మూడుకు ఒప్పుకుందామనుకున్న.

ఆయన నవ్విండు. "కట్టాలెనే అన్నా. నువ్వు కట్టాలె." పదిహేను వేలు పట్టుకపోయిండు.

మర్నాడు ఇద్దరు పిల్లగాండ్లు సుత్తెలు పట్టుకొని దిగిండ్రు. ఆ మూడు సున్నలు చిటికెలో లేచినయి. మిగిలిన గచ్చు మాత్రం విరగనంటే విరగలే. పొద్దుమీకే దాకా కొట్టి, ఆ గచ్చు పోసినోన్ని తిట్టుకుంట మొత్తం పెకిలించిండ్రు. పోసింది ఎవలో తర్వాత తెలిసింది, మా ముసలి సుతారే.

ఆ తర్వాత ఎల్-1 ఫోనులో మాత్రమే దొరికిండు. మొదట ఇంకో సైటుల స్లాబు పోస్తున్నరు. తర్వాత కూలీలు పత్తి ఏరబోయిండ్రు. తర్వాత సంక్రాంతి. జనవరి 28 నుంచి మేడారం జాతర, "తల్లులకు బంగారం ఇచ్చి వచ్చినంక పట్టుకుంట అన్నా." అబద్ధం అనలేను, అందరికీ పత్తి ఉన్నది, అందరికీ జాతర ఉన్నది. గిరాకీ రాళ్ల మీద పరిచిన పలకల మీద నడిచి వస్తున్నరు. వానాకాలం దాకా స్లాబు కారేది లేనిది తెల్వదు.

పెద్దయ్యను బతిమిలాడిన. "ఒకలు పట్టిన పనిల నేను చెయ్యి పెట్ట బిడ్డా" అన్నడు.

జాతర అయిన వారానికి ఎల్-1 వచ్చిండు. బండి ఆపిండు, ఇంజను కూడా ఆపిండు. పలకల మీద జాగ్రత్తగ నడిచి వచ్చి కాగితం ఒకటి చేతిలో పెట్టిండు. ఏదో టెండరుకు అనుభవ పత్రం. మా దుకాణం పేరు కింద "పని తృప్తికరంగా పూర్తయినది" అని ఉన్నది. విలువ కాడ లక్షా ఇరవై వేలు.

"జర సంతకం పెట్టన్నా."

"పని ఏది?"

"సంతకం ఉంటే ఆ టెండరు వస్తది. అది వస్తే పైసలు వస్తయి. పైసలొస్తే ముందు నీ టైల్సే." కింద రాళ్లు చూసి కాలు పక్కకు జరిపిండు. "మూడు సెట్లు తియ్యి. పైసలు బిల్లుల పట్టుకో."