మాది పాత పేరు బండి

"ఏం బండి సార్?" అని అడిగితే నాకేం అభ్యంతరం లేదు. టైరు షాపువాడు అడగాలి, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అడగొచ్చు, పెళ్ళిలో భోజనాల దగ్గర పక్కన కూర్చున్నాయన అడిగినా మర్యాదగానే చెప్తాను. పేరు చెప్పగానే వచ్చే రెండో ప్రశ్నకే బీపీ లేస్తోంది. "పాతదా, కొత్తదా సార్?"

మొన్నటిదాకా ఆ పేరుకి పాతా కొత్తా లేవు, ఒక్కటే బండి. కంపెనీవాళ్ళు ఉన్నట్టుండి తమ ఎస్‌యూవీలన్నిటికీ పేర్లు మార్చేశారు. మార్చి ఊరుకున్నారా! పేపర్లో మొదటి పేజీ నిండా ప్రకటన వేసి కొత్త శకం మొదలైందన్నారు. శకాలు మొదలుపెట్టేవాళ్ళు కాస్త ముందుగా చెప్పొద్దూ? పాత శకంలో కొన్నవాళ్ళం ఇంకా వాయిదాలు కడుతున్నాం. కంపెనీ పేరు మాత్రం నన్నడక్కండి. బండి సర్వీసింగుకి మళ్ళీ వాళ్ళ దగ్గరికే పోవాలి.

ఇంతకీ ఏం మారిందో నాకు బాగా తెలుసు. మా బావమరిది కొత్త పేరుది కొన్నాడు కాబట్టి చుట్టూ తిరిగి, కింద దూరి మరీ చూశాను. ఇంజను అదే, గేర్‌బాక్సు అదే, తలుపేస్తే వచ్చే చప్పుడు కూడా అదే. వెనక రెండు లైట్ల మధ్య ఒక ఎర్రగీత గీశారు. లోపలున్న తెరని ఇంకాస్త సాగదీశారు. ఆ మాత్రానికే పేరు మార్చాలంటే, మా ఆవిడ కళ్ళజోడు ఫ్రేము మార్చినప్పుడల్లా నేను ఆధార్ సెంటర్‌కి పరిగెత్తాలి. అన్నీ చూసి లేచి చేతులు దులుపుకుంటుంటే మా వాడు "మీ బండీ మంచిదే బావా" అన్నాడు. పరామర్శకి వచ్చినవాళ్ళు మాట్లాడే గొంతు అది.

మహీంద్రావాళ్ళ సంగతి లోకానికంతా తెలిసిందే. 2019లో ఎక్స్‌యూవీ త్రీ డబుల్ ఓ తెచ్చారు, 2024 ఏప్రిల్లో దాన్నే దిద్ది త్రీ ఎక్స్ ఓ అన్నారు. 2021 నాటి సెవెన్ డబుల్ ఓ ఈ 2026 జనవరిలో సెవెన్ ఎక్స్ ఓ అయింది. మధ్యలో సున్నా పీకి ఎక్స్ పెట్టారు. ఆ పీకిన సున్నా తమ బండి రీసేల్ ధరలోంచి కూడా పోతుందేమోనని పాత ఓనర్ల దిగులు. అంతకుముందు టీయూవీ 300 వెళ్ళి బొలెరో నియో అయింది, క్వాంటో వెళ్ళి నువోస్పోర్ట్ అయింది. ఒక్క విషయంలో మాత్రం వాళ్ళని మెచ్చుకోవాలి. 2022లో కొత్త స్కార్పియో వచ్చినప్పుడు దానికి ఎన్ అని తగిలించి, ఉన్నదాన్ని పాతది అనకుండా క్లాసిక్ అన్నారు. మర్యాదంటే అదీ. మా కంపెనీవాడు నన్ను కూడా ఆ ఒక్క మాట అని ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

ఇక్కడ ఆ చివరి 'ఓ' గురించి చెప్పుకోవాలి. మహీంద్రా బండ్ల పేర్లు వరసగా చదవండి: బొలెరో, స్కార్పియో, జైలో, క్వాంటో, వెరిటో, మరాజో. అన్నీ ఓ దగ్గరే ఆగుతాయి. అంకెలు పెట్టినప్పుడు కూడా ఫైవ్ హండ్రెడ్ అనకుండా ఫైవ్ డబుల్ ఓ అన్నది అందుకే. థార్‌కి మాత్రం ఓ లేదు, అయినా దాని కోసం జనం నెలల తరబడి క్యూ కట్టారు. ఈ ఓ పట్టింపు సంగతి తెలిసిన దగ్గర్నుంచీ నాకు మా కాలనీ ప్రెసిడెంటుగారి మీద గౌరవం పెరిగింది.

ఆయనకి ఒక సంఖ్యాశాస్త్రవేత్త ఉన్నాడు. మనకి ఫ్యామిలీ డాక్టరు ఉన్నట్టన్నమాట. ఆ శాస్త్రవేత్త చెప్పాడని ప్రెసిడెంటుగారు తన పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక 'ఏ' అదనంగా పెట్టారు. ఫలితం కనిపించలేదు. ఇంకో ఏ పెట్టారు. రెండో ఏ పెట్టాక ఎలక్షన్లో గెలిచారు. పోటీ చేసింది ఆయనొక్కరే అన్న విషయం శాస్త్రవేత్త లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు ఆయన పాన్ కార్డులో ఒక ఏ, ఆధార్‌లో రెండు, గ్యాస్ బుక్కులో అసలు లేదు. ముగ్గురూ ఒకరేనని నోటరీ దగ్గర ఒక కాగితం రాయించి లామినేషన్ చేయించి జేబులో పెట్టుకు తిరుగుతారు.

అలాంటి మనిషి కారు కొంటే ఊరుకుంటారా? నంబరు కూడితే తొమ్మిది రావాలన్నారు. ఖైరతాబాద్‌లో నాలుగు తొమ్మిదుల కోసం లక్షలకి లక్షలు పోసి వేలం పాడేవాళ్ళున్నారు కదా, ఈయనది అంత జేబు కాదు. కూడితే తొమ్మిదొచ్చే మామూలు నంబరు పట్టారు. సంబరం ముగియకుండానే శాస్త్రవేత్తకి ఇంకో అనుమానం వచ్చింది, ముందున్న అక్షరాలకి కూడా విలువ ఉంటుంది కదా అని. టీ, ఎస్ కలిపి చూస్తే లెక్క తప్పింది. పరిహారంగా డాష్‌బోర్డు మీద ఒక ఏనుగు బొమ్మ పెట్టించారు. ఇంతలో 2024 మార్చిలో ప్రభుత్వం కొత్త బండ్లకి టీఎస్ తీసేసి టీజీ అంది. ప్రెసిడెంటుగారు మళ్ళీ లెక్కలకి కూర్చున్నారు. టీజీ అయితే ఏనుగు అక్కర్లేదట! పాత బండ్లకి టీఎస్ అలాగే ఉంటుందని తెలిసి ఆ రోజంతా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. ఏనుగు అక్కడే ఉంది. బ్రేకు వేస్తే ఒళ్ళో పడుతుంది.

ఈ ప్లేట్ల పుణ్యాన మా సెల్లార్‌లో చరిత్ర పాఠం చెప్పొచ్చు. ఏపీ ప్లేటుంటే 2014కి ముందు కొన్నవాళ్ళు, టీఎస్ ఉంటే ఆ తరవాత పదేళ్ళవాళ్ళు, టీజీ ఉంటే నిన్నమొన్నటివాళ్ళు. ఏపీ 39 ఉంటే సంక్రాంతికి ఊరెళ్ళి కొనుక్కొచ్చినవాళ్ళు, లేదా అల్లుడు. అంతా పేర్ల మార్పిడే. కానీ ప్రభుత్వం పేరు మార్చినప్పుడు నా బండిని పాతదని ఎవరూ అనలేదు. కంపెనీవాడు మార్చగానే అన్నారు.

పైగా ప్రభుత్వం దగ్గర ఈ పేర్ల పప్పులు ఉడకవు. 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని, పొడవు నాలుగు మీటర్లు దాటి, ఇంజను 1500 సీసీ మించి, నేల నుంచి 170 మిల్లీమీటర్లు లేచి ఉన్న బండిని మీరు ఏ పేరు పెట్టి పిలుచుకున్నా సరే, అప్పట్లో ఉన్న సెస్సు కట్టాల్సిందేనంది. ఆ స్పష్టత నాకు నచ్చింది. మన సెల్లార్లకి కూడా వర్తింపజేస్తే బాగుండేది.

కోట్లు పోసినవాళ్ళకైనా ఈ బాధ తప్పిందా అంటే అదీ లేదు. ల్యాండ్ రోవర్ 1948 నాటి పేరు. టాటాల చేతిలో ఉన్న జేఎల్ఆర్ 2023లో ఇక నుంచి రేంజ్ రోవర్, డిఫెండర్, డిస్కవరీ వేటికవే బ్రాండ్లని చెప్పి ఆ పాత పేరుని వెనక వరసలో కూర్చోబెట్టింది. ఆ వార్త చదివి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. పెనుకొండ దగ్గర బండ్లు చేసే కియా వాళ్ళు పేరు కూడా మార్చలేదు, 2021లో అక్షరాలు కలిపి రాశారంతే. జనం దాన్ని కేఎన్ అని చదివి, కేఎన్ కారు ఎక్కడ దొరుకుతుందని గూగుల్‌ని పీక్కు తిన్నారు.

మా అపార్ట్‌మెంటులో నా బండిలాంటివి ఇంకో రెండున్నాయి. మూడో అంతస్తాయన విజయవాడ ఆటోనగర్ వెళ్ళి కొత్త పేరు ఎంబ్లం కొనుక్కొచ్చి డిక్కీ మీద అంటించాడు. ఎర్రగీత లేదు కాబట్టి ఎవరూ నమ్మట్లేదు. దానికి కూడా ఎర్ర రేడియం స్టిక్కరు వేయించాడు, ఇప్పుడు వెనకొచ్చేవాళ్ళు బ్రేకు వేశాడేమో అనుకుని హారన్ కొడుతున్నారు. ఐదో అంతస్తాయన దారి వేరు. ఉన్న పేరు కూడా పీకించేశాడు. డిక్కీ మీద జిగురు మరకలు మాత్రం మిగిలాయి. "ఏం బండండీ?" అంటే "డీజిల్" అంటాడు. నేను ఏమీ చేయలేదు. వారం వారం ఆ పాత అక్షరాలనే గుడ్డతో తుడుస్తున్నాను.

అమ్మేద్దామని ఒకరోజు సెకండ్ హ్యాండ్ బ్రోకరుని పిలిచాను. ఇన్సూరెన్సు వాళ్ళ లెక్క ప్రకారం ఐదో ఏడు దాటేసరికి బండి విలువ సగానికి దిగుతుంది, అది మెట్టు మెట్టుగా దిగే లెక్క, ముందే తెలిసిన లెక్క. ఈయన దగ్గర మెట్లు లేవు. "ఆ పేరు ఆపేశారు కదా సార్" అని ఒక అంకె చెప్పాడు. నిన్నటికీ ఇవాళ్టికీ నా బండికి ఒక్క గీత కూడా పడలేదు. ఎక్కడో బొంబాయిలోనో పుణెలోనో ఏసీ గదిలో ఎవరో పలక మీద ఒక పేరు తుడిచి ఇంకో పేరు రాసుకుంటే, ఆ తుడిచిన ఖర్చు నా దగ్గర వసూలు చేయడం ఏం న్యాయం? ఇది హాస్యానికి అంటున్నది కాదు.

2019లో ఈ బండికి అప్పు ఆంధ్రా బ్యాంకులో తీసుకున్నాను. 1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన బ్యాంకు. 2020 ఏప్రిల్ ఒకటిన అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. తరవాత నంబరు ప్లేటు అక్షరాలు మారాయి. ఇప్పుడు బండి పేరు మారింది. ఇన్ని మారినా మారనిది నెలనెలా ఐదో తారీఖున కట్ అయ్యే ఈఎంఐ ఒక్కటే.

మా నాన్న మాత్రం ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకు అనే అంటాడు. ఆయనకి ఎనభై దాటాయి. జన్మంతా నాలుగు చక్రాలున్న దేన్నైనా కారనో జీపనో అన్నాడే గానీ ఇంకో పేరు పెట్టి ఎరగడు. ఈ బండి కొన్నప్పుడు మటుకు మనవరాలిని కూర్చోబెట్టుకుని దీని పేరు నేర్చుకున్నాడు. ఇంగ్లీషు పేరు, నోరు తిరిగేది కాదు. పడుతూ లేస్తూ మొత్తానికి పట్టేసి, ఊళ్ళో అరుగు మీద ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. మొన్న ఫోన్ చేసి "ఏరా, మన బండి ఆపేశారంటగా, ఎవరో కుర్రాడన్నాడు. నడుస్తుందా మరి?" అన్నాడు. పేరొక్కటే మార్చారు నాన్నా, బండికేం కాలేదన్నాను. కొత్త పేరు చెప్పమన్నాడు. చెప్పాను. అటువైపు రెండుసార్లు అనబోయి ఆగిపోయాడు. ఈ బండి మైలేజీ చూసి కొన్నానని అందరికీ చెప్తుంటాను గానీ, ఆ అరుగు మీద ఆయన ఆ పేరు అనడం కోసం కూడా కొన్నానని అప్పుడు తెలిసింది.

"ఈ వయసులో ఇంకోటి నావల్ల కాదురా. నేను అదే అంటాను" అన్నాడు కాసేపాగి.

వచ్చే నెల ఇన్సూరెన్సు రెన్యూవల్ ఉంది. మోడల్ పేరు, పాతదా కొత్తదా అని వాళ్ళు ఫోన్ చేసి అడుగుతారు. నాన్న ఆ వారం మా ఇంట్లోనే ఉంటాడు. ఫోను ఆయనకిచ్చి నేను వాకింగ్‌కి వెళ్తాను.